చూసింది చూసినట్టు: జెనీవా చిత్రకారుడు లియోతార్

గత సంచికలో వెనిస్ నగరపు రోసాల్బా కారియేరా కథ చెప్పుకున్నాం. పాస్టెల్ సుద్దలతో రూపచిత్రాలు వేయడంలో యూరప్ మొత్తానికి గురువనిపించుకున్న మనిషి ఆవిడ. డెబ్బై దాటి, చూపు మందగిస్తున్న రోజుల్లో ఆవిడ ముందుకు వేరొకరు వేసిన పాస్టెల్ బొమ్మ ఒకటి వచ్చింది. ఇంతకంటే అందమైన పాస్టెల్ తామెన్నడూ చూడలేదని వెనిస్ చిత్రకారులు అన్నారట. రోసాల్బా కూడా ఆ మాటే అందట. ఈ సంగతి రాసిపెట్టినవాడు ఫ్రాన్సెస్కో అల్గరోట్టి. సాక్సనీ ఏలిక, పోలండ్ రాజు అయిన మూడో ఆగస్టస్ కోసం బొమ్మలు కొనిపెట్టడం ఆయన పని. 1745 ఫిబ్రవరి 3న ఆ బొమ్మను కొని డ్రెస్డెన్‌కు పంపాడు. ఈనాటికీ అది అక్కడే ఉంది.

ఇంతా చేసి ఆ బొమ్మలో ఉన్నది ఓ పనిపిల్ల.

నెత్తిన గులాబీరంగు కుళ్లాయి, ఒంటిమీద పసుపుపచ్చ రవిక, బూడిదరంగు పరికిణీ, దానిమీద తెల్లటి ఏప్రన్. రెండు చేతులా లక్కపూత పళ్లెం పట్టుకుని నడిచి వస్తోంది. పళ్లెంలో వేడి చాక్లెట్ పోసిన పింగాణీ కప్పు, పక్కన గాజుగ్లాసులో మంచినీళ్లు. ఆ రోజుల్లో చాక్లెట్ అంటే పెద్దింటివాళ్లు పొద్దున్నే తాగే పానీయం. అది ఒలక్కుండా కప్పు చుట్టూ చిన్న పట్టు కూడా అమర్చి ఉంది. ఆమె వెనక ఏముంది? ఖాళీ గోడ. పరదాలు, స్తంభాలు, పూలకుండీలు ఏమీ లేవు.

దగ్గరికి వెళ్లి ఆ గాజుగ్లాసు చూడాలి. ఎదురుగా ఎక్కడో ఉన్న కిటికీ, మనకు కనబడని ఆ కిటికీ, గ్లాసులో మెరుస్తోంది. ఏప్రన్ మీద పెట్టెలోంచి అప్పుడే తీసిన బట్టకుండే మడతగీతలు కనిపిస్తాయి. ఇస్త్రీ చేసి నాలుగు మడతలు వేసి దాచుకున్న చీర కట్టుకుంటే అడ్డంగా, నిలువుగా గీతలు పడతాయే, సరిగ్గా అలాంటివే. చిత్రకారుడు వాటిని వదలలేదు. అక్కడున్నాయి కాబట్టి వేశాడు.

ఆ చిత్రకారుడి పేరు జాఁ ఎతియెన్ లియోతార్. ఊరు జెనీవా. ‘ఉన్నాయి కాబట్టి వేశాను’ అన్న ఆ పట్టుదలే ఆయనకు పేరు తెచ్చింది, తలుపులు మూయించింది, చివరికి నిలబెట్టింది. ఈ సంచికలో ఆ కథే చెప్పుకుందాం.

కాందిశీకుల బిడ్డ

లియోతార్ 1702 డిసెంబర్ 22న జెనీవాలో పుట్టాడు. తండ్రి నగల వ్యాపారి. స్వస్థలం ఫ్రాన్స్‌లోని మోంతెలిమార్. 1685లో పద్నాలుగో లూయీ ప్రొటెస్టెంట్లకున్న మతస్వేచ్ఛను రద్దుచేశాక లక్షలమంది ఊళ్లొదిలి పారిపోయారు. జెనీవాకు చేరిన అలాంటి కుటుంబాల్లో లియోతార్లది ఒకటి. అప్పటి జెనీవా తన పాలన తానే చూసుకునే చిన్న గణతంత్రం. స్విట్జర్లాండ్ సమాఖ్యలో అది చేరింది 1815లో. అందుకే ఆయన తనను ‘జెనీవా మనిషి’గానే చెప్పుకున్నాడు.

ఎతియెన్‌కు ఓ కవల సోదరుడున్నాడు, జాఁ మిషెల్. ఇద్దరికీ చేతిలో గీత ఉంది. మిషెల్ రాగిరేకుల మీద బొమ్మలు చెక్కే పనిలో స్థిరపడ్డాడు. ఎతియెన్ సూక్ష్మచిత్రాలు, మీనాపని వైపు వెళ్లాడు. అరచేతిలో ఇమిడే బొమ్మలో కనురెప్ప వెంట్రుకలు సైతం కనబడేలా వేయాలి. నగలవాళ్లింట్లో పుట్టిన పిల్లవాడికి ఆ ఓపిక ఉగ్గుపాలతో అబ్బినట్టుంది. తర్వాత ఎంత పెద్ద బొమ్మ వేసినా ఆ నగిషీపని చూపు ఆయన్ని వదల్లేదు.

ఇరవై దాటాక పారిస్ చేరి, జాఁ బాప్తిస్త్ మాసే అనే సూక్ష్మచిత్రకారుడి దగ్గర శిష్యరికం చేశాడు. పారిస్‌లో పెద్ద చిత్రకారుడు కావాలంటే రాజ అకాడమీలో చోటు దొరకాలి. అక్కడ పెద్దపీట చరిత్ర చిత్రాలకు, అంటే బైబిల్ ఘట్టాలు, గ్రీకు పురాణగాథలు, యుద్ధాలకు. మనుషుల ముఖాలు వేసేవాళ్లది రెండో పంక్తి. లియోతార్ కూడా ఓ చరిత్ర చిత్రం వేసి పోటీకి పెట్టాడు. బహుమతి రాలేదు. కళ్లెదుట లేనిదాన్ని ఊహించి వేయడం ఆయన చేతికి రాని విద్య. అది ఆయనకు తెలిసొచ్చింది. ఇక జీవితంలో ఆ దారిన పోలేదు.

తూర్పు ప్రయాణం

1735లో ఓ ఫ్రెంచి దొర వెంట నేపుల్స్ వెళ్లాడు. అక్కణ్నుంచి రోమ్. పోప్ పన్నెండో క్లెమెంట్ ఆయన ముందు కూర్చున్నాడు. ఇంగ్లండ్ గద్దె పోగొట్టుకుని రోమ్‌లో తలదాచుకున్న స్టూవర్ట్ రాజకుటుంబం బొమ్మలూ వేశాడు. ఇటలీలోనే విలియం పాన్సన్‌బీ అనే ఇంగ్లీషు యువకుడు పరిచయమయ్యాడు. తండ్రికున్న బిరుదును బట్టి అతన్ని డన్‌కానన్ ప్రభువనేవారు. మిత్రబృందంతో ఓడ మీద తూర్పుదేశాలు చూడబోతూ, చూసినవన్నీ బొమ్మలుగా దించడానికి లియోతార్‌ను రమ్మన్నాడు. 1738లో బయల్దేరిన ఆ ఓడ మాల్టా, గ్రీకు దీవులు, స్మిర్నా మీదుగా కాన్‌స్టాంటినోపుల్ చేరింది. మిత్రులు తిరిగి వెళ్లిపోయారు. లియోతార్ నాలుగేళ్లు అక్కడే ఉండిపోయాడు.

ఆయన కాపురం పేరాలో. ఐరోపా దేశాల రాయబారులు, వర్తకులు, తరతరాలుగా అక్కడే స్థిరపడ్డ క్రైస్తవ కుటుంబాలు ఉండే పేట అది. అక్కడి ఆడవాళ్లు తుర్కీ దుస్తులు వేసుకునేవారు. పరాయి మగవాడికి తుర్కీ అంతఃపురాల్లోకి ప్రవేశం లేదు కనక ఆయన బొమ్మల్లో ఎక్కువగా కనబడేది ఈ పేరా, గలాటా పేటల స్త్రీలే. నల్లసుద్ద, జేగురుసుద్ద, ఈ రెండింటితోనే కాగితం మీద ఎన్నో బొమ్మలు గీశాడు. దివాను మీద చేరగిలబడ్డవాళ్లు, వాయిద్యం మీటుతున్నవాళ్లు, కాఫీ తెచ్చే పరిచారకులు.

వాటిలో ఒకటి మన పాఠకులకు ఇట్టే దగ్గరవుతుంది. స్నానశాలలో ఓ ఇంటావిడ, పక్కన చిన్న పనిపిల్ల. తడినేల అంటకుండా ఇద్దరి కాళ్లకీ ఎత్తయిన చెక్క పావుకోళ్లు. వేళ్ల కొసలకు గోరింటాకు పండి ఉంది. మన అట్లతద్ది చేతులే. తూర్పుదేశాన్ని కళ్లతో చూడకుండానే అంతఃపురాల కథలల్లి బొమ్మలు వేసిన ఐరోపావాళ్లు ఎందరో ఉన్నారు. లియోతార్ వెళ్లి, కూర్చుని, చూసి వేశాడు. చెంబు ఎలా పట్టుకుంటారో, దుప్పట్టా ఎలా జారుతుందో, దివాను అంచు కుచ్చులు ఎలా వేలాడతాయో వాటిలో తెలుస్తుంది. పద్దెనిమిదో శతాబ్దపు ఇస్తాంబుల్ బట్టల గురించి, గృహోపకరణాల గురించి పరిశోధించేవాళ్లకు ఆ బొమ్మలు ఇప్పుడు చరిత్ర ఆధారాలు.

అక్కడి నుంచి 1742లో మోల్దావియా పాలకుడు కాన్‌స్టాంటిన్ మావ్రోకోర్దాతో పిలుపు మీద యాష్ నగరానికి వెళ్లి, పది నెలలు ఆస్థాన చిత్రకారుడిగా ఉన్నాడు. అక్కడి పద్ధతి ప్రకారం గడ్డం పెంచాడు. బొడ్డుదాకా దిగిన ఆ గడ్డం, కాళ్లదాకా అంగరఖా, తల మీద ఉన్నిటోపీ, ఈ వేషంతోనే 1743లో వియన్నాలో అడుగుపెట్టాడు. చూసినవాళ్లంతా ‘తుర్కీ చిత్రకారుడు’ అన్నారు. ఆ పేరును ఆయన సంతోషంగా స్వీకరించాడు. ఫ్లారెన్స్‌లోని ఉఫీజీ మ్యూజియంలో ఉన్న 1744 నాటి స్వీయచిత్రం మీద తాను జెనీవా వాడినని, తనను తుర్కీ చిత్రకారుడంటారని స్వయంగా రాసుకున్నాడు. ఆ వేషం జనాన్ని రప్పించింది. వాళ్లను నిలబెట్టింది మాత్రం ఆయన పనితనం.

సుద్దపొడిలో ప్రాణం

ఆ పనితనం ఏమిటో కాస్త చూద్దాం. పాస్టెల్ అంటే రంగుపొడిని సుద్దతో, కొద్దిపాటి జిగురుతో కలిపి, పుల్లల్లా చేసి ఆరబెట్టింది. తడి ఉండదు, నూనె ఉండదు. గీస్తే పొడి రాలుతుంది. ముగ్గుపిండిలా వేలికి అంటుకుంటుంది. నూనెరంగు ఆరడానికి రోజులు పడుతుంది, పాస్టెల్‌కు ఆ బెడద లేదు. ఎదుట కూర్చున్న మనిషిని గంటల తరబడి ఆపక్కర్లేదు. పెట్టెలో సర్దుకుని ఊరూరా తిరగొచ్చు. దేశదేశాలు తిరిగే చిత్రకారుడికి ఇంతకంటే అనువైన సాధనం లేదు. దీనికున్న బలహీనత ఒక్కటే. చెయ్యి తగిలితే చెరుగుతుంది, గట్టిగా కుదిపితే రాలుతుంది. అందుకే అద్దం బిగించి కాపాడతారు. ఇప్పటికీ మ్యూజియాలు పాస్టెల్ బొమ్మలను మరో ఊరికి పంపడానికి జంకుతాయి.

మిగతా పాస్టెల్ చిత్రకారులు ఎక్కువమంది కాగితం వాడారు. లియోతార్ తన గొప్ప బొమ్మలకు మెత్తగా సాపుచేసిన పార్చ్‌మెంట్ తోలు వాడాడు. చాక్లెట్ పిల్ల బొమ్మ అలాంటి తోలు మీదిదే. ఎత్తు 82 సెంటీమీటర్ల పైచిలుకు, వెడల్పు 52 పైచిలుకు. రంగును వేలితో అద్ది, రుద్ది, గీత కనబడకుండా చేశాడు. ముఖం మీద దట్టమైన నీడలు పెట్టలేదు. చదునైన వెలుతురులో, పొద్దుటిపూట మనిషి ఎలా కనిపిస్తాడో అలా వేశాడు. నీడలు దాదాపు లేకుండానే ఇంత నిండుదనం తెచ్చాడని అల్గరోట్టి ప్రత్యేకంగా మెచ్చుకున్నాడు.

ఆ పిల్ల ఓ రాకుమారుణ్ణి పెళ్లాడి దొరసాని అయిందని తర్వాతి కాలంలో ఓ కథ పుట్టింది. దానికి గట్టి ఆధారం లేదు. అమెరికాలోని వాల్టర్ బేకర్ కోకో కంపెనీ పందొమ్మిదో శతాబ్దంలో ఈ బొమ్మనే తన వ్యాపారచిహ్నంగా పెట్టుకోవడంతో కథ, బొమ్మ రెండూ కోట్ల డబ్బాల మీదుగా ఇంటింటికీ చేరాయి. రెండో ప్రపంచయుద్ధంలో బొమ్మను డ్రెస్డెన్ నుంచి తరలించి దాచారు. యుద్ధం ముగిశాక సోవియట్ సేనల వెంట వెళ్లిన డ్రెస్డెన్ చిత్రాలు 1955లో తిరుగుముఖం పట్టాయి. చిన్న కుదుపుకే రాలిపోయే సుద్దపొడి ఇన్ని ప్రయాణాలు తట్టుకుంది.

మచ్చలు దాచని చెయ్యి

వియన్నాలో మహారాణి మరియా తెరీసా ఆయన్ను ఆదరించింది. ఆ పరిచయం జీవితాంతం నిలిచింది. 1748 తర్వాత పారిస్‌లో ఆస్థాన ప్రవేశం దొరికింది. పదిహేనో లూయీ కుటుంబం బొమ్మలు వేశాడు. రాజ అకాడమీ మాత్రం తలుపు తీయలేదు. దాంతో ఆయన సెయింట్ లూక్ అకాడమీలో చేరి, 1751, 52లలో అక్కడే బొమ్మలు ప్రదర్శించాడు. 1753లో లండన్ వెళ్లాడు. వేల్స్ యువరాణి అగస్టా తన పిల్లలందరి బొమ్మలూ వేయించుకుంది. అందులో ఓ పిల్లవాడు తర్వాత మూడో జార్జ్ అయ్యాడు.

లండన్‌లోనే ఆయనకు ఘాటైన విమర్శ ఎదురైంది. చిత్రకారుడు జాషువా రేనాల్డ్స్ ఆయన పనిని చిన్నచూపు చూశాడు. రూపచిత్రమంటే మనిషిని ఉన్నదానికంటే ఓ మెట్టు పైన నిలబెట్టాలని రేనాల్డ్స్ సిద్ధాంతం. రచయిత హొరేస్ వాల్‌పోల్ అన్నది మరీ సూటైన మాట. లియోతార్ పోలికలు అతికినట్టుంటాయనీ, అంత నిజం ఎవరికీ రుచించదనీ ఆయన అభిప్రాయం. ముఖం మీద చిన్న మచ్చలున్నా, అమ్మవారు పోసిన గుంటలున్నా అవన్నీ బొమ్మలోకి వచ్చేస్తాయని రాశాడు. మశూచి ఇంటింటా తిరిగిన కాలమది. డబ్బిచ్చి బొమ్మ వేయించుకునేవాడు ఆ గుంటలు దాచమనే కోరతాడు. లియోతార్ దాచలేదు.

వాల్‌పోల్ దాన్ని లోపమనుకున్నాడు. రెండున్నర శతాబ్దాల తర్వాత చూస్తుంటే అదే ఆయన మనకిచ్చిన ఆస్తి అనిపిస్తుంది. ఆనాటి యూరప్‌లో పొగడ్తబొమ్మలు గదుల నిండా ఉన్నాయి. అందరి బుగ్గలూ ఒకే గులాబీ, అందరి కళ్లూ ఒకే మెరుపు. లియోతార్ వేసిన మదామ్ దెపినే బొమ్మ జెనీవాలో ఉంది. పారిస్ రచయిత్రి ఆవిడ. జబ్బుపడి, పేరుమోసిన వైద్యుడు త్రోన్షాఁ దగ్గర మందు పుచ్చుకోవడానికి జెనీవా వచ్చింది. చిక్కిన ముఖం. చదువుతున్న పుస్తకంలో పేజీ పోకుండా వేలు పెట్టుకుని, ఏదో అడగబోతున్నట్టు మనవైపు చూస్తోంది. ఆ కళ్లలో తెలివి ఉంది, అలసట ఉంది. పొగిడే చిత్రకారుడి చేతిలో పడి ఉంటే ఆ రెండూ మనకు దక్కేవి కావు.

1754లో లియోన్ నగరంలో తన బంధువుల ఇంట వేసిన ‘లవెర్న్ కుటుంబపు ఉదయ ఫలహారం’ చూడండి. ఒకావిడ, ఓ చిన్నపిల్ల. పిల్ల జుట్టు ఉంగరాలు తిరగడానికి కట్టిన కాగితాలు ఇంకా విప్పలేదు. పాలు పోసిన కాఫీలో బిస్కెట్ ముంచుకుంటోంది. కప్పు ఒలికిపోతుందేమోనని పెద్దావిడ చెయ్యి అడ్డు పెట్టింది. ఏ ఊళ్లోనైనా బడికి ముందు వంటింట్లో కనబడే దృశ్యమే. ఈ బొమ్మను తూర్పు ప్రయాణంనాటి మిత్రుడు డన్‌కానన్ 200 గినీలకు కొన్నాడు. దాదాపు ఇరవై ఏళ్ల తర్వాత, 1773లో, లియోతార్ దాన్నే మళ్లీ నూనెరంగుల్లో వేశాడు. లండన్ నేషనల్ గ్యాలరీ 2023లో రెంటినీ పక్కపక్కన పెట్టి ప్రదర్శించింది.

పదకొండుమంది పిల్లలు

1756లో ఆమ్‌స్టర్‌డామ్‌లో మరీ ఫార్గ్ అనే వర్తకుడి కూతుర్ని పెళ్లాడాడు. ఆవిడ కోసం గడ్డం తీసేశాడు. అప్పటికి ఆయనకు యాభై మూడేళ్లు. తర్వాత జెనీవాలో పిల్లలతో స్థిరపడ్డాడు. ప్రయాణాలు మాత్రం ఆగలేదు.

1762లో మళ్లీ వియన్నా. మరియా తెరీసాకు పదహారుమంది సంతానం. అప్పటికి తన దగ్గరున్న పదకొండుమందిని ఆవిడ లియోతార్‌తో గీయించింది. పల్చటి కాగితం, నల్లసుద్ద, జేగురుసుద్ద. కొన్నిచోట్ల కాగితం వెనకవైపు రంగు పూశాడు. అది ముందువైపుకు లేతగా ఊరి, చర్మం కింద రక్తం కదులుతున్నట్టు కనిపిస్తుంది. ఈ పదకొండు బొమ్మలూ ఇప్పుడు జెనీవా కళా చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి.

పిల్లలు రాచబిడ్డల్లా బిగుసుకుని నిలబడలేదు. తలా ఓ పనిలో ఉన్నారు. వారిలో ఒకరు మరీ ఆంత్వానెత్. అప్పటికి ఏడో ఏడు. చేతిలో దారం చుట్టిన చిన్న నాడె పట్టుకుని, పని మధ్యలో ఎవరో పిలిస్తే తలెత్తినట్టు చూస్తోంది. ఎనిమిదేళ్ల తర్వాత ఆ పిల్ల ఫ్రాన్స్ కోడలయింది. 1793 అక్టోబర్ 16న పారిస్‌లో గిలటిన్ కింద తల వాల్చింది. ఆమె గురించి గ్రంథాలకు గ్రంథాలు వచ్చాయి. అవన్నీ రాకముందు ఆమె దారంతో ఆడుకున్న పిల్ల అని ఈ బొమ్మ చెబుతుంది. మరుసటి ఏడు లియోతార్‌కు పుట్టిన కూతురికి మహారాణి పేరే పెట్టారు. జ్ఞానస్నానపు తల్లి ఆ మహారాణే.

ముసలితనంలో నవ్వు

లియోతార్ తనను తాను వేసుకున్న బొమ్మలు ఎన్నో ఉన్నాయి. 1770 ప్రాంతంలో వేసుకున్నదాంట్లో నోరు తెరిచి నవ్వుతున్నాడు. ఊడిన పన్ను తాలూకు ఖాళీ స్పష్టంగా కనబడుతుంది. బొమ్మ బయట ఉన్న దేనివైపో వేలు చూపిస్తున్నాడు. పెద్దమనుషులు పళ్లు కనబడేలా బొమ్మ వేయించుకోవడం తప్పుగా భావించిన కాలమది. పరాయివాళ్ల మచ్చలు దాచని చిత్రకారుడు తన బోసిపంటినీ దాచుకోలేదు. ఆ మర్యాద అందరికీ ఒకటే.

1781లో, డెబ్బై ఎనిమిదేళ్ల వయసులో, చిత్రరచన సూత్రాల మీద ఫ్రెంచిలో ఓ గ్రంథం అచ్చువేశాడు. అందులోని ప్రధాన వాదన ఇది: ప్రకృతిలో ఎక్కడా కుంచెగీతలు లేవు, కాబట్టి బొమ్మలోనూ అవి కనబడకూడదు. కుంచె విసురును చూసి మురిసిపోయే అప్పటి రసజ్ఞులకు ఆ మాట నచ్చలేదు. చిత్రకళ చదువుకోని మామూలు మనిషి చూపు మీద ఆయనకు గౌరవం ఎక్కువ. శాస్త్రం తెలియనివాడు బొమ్మను నేరుగా ప్రకృతితో పోల్చి చూస్తాడని ఆయన నమ్మకం.

చివరి ఏళ్లలో ఎదుట కూర్చునేవాళ్లు తగ్గారు. 1782లో భార్య పోయింది. ఆయన పళ్లను, పూలను, కప్పులను ముందు పెట్టుకుని వేయడం మొదలెట్టాడు. లాస్ ఏంజెలెస్‌లోని గెటీ మ్యూజియంలో ఓ బొమ్మ ఉంది. టీ తాగడం అయిపోయింది. చైనా పింగాణీ కప్పులు పళ్లెంలో చిందరవందరగా ఉన్నాయి. ఒకటి బోర్లా ఉంది, చెంచాలు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి, చక్కెర, రొట్టె ముక్కలు మిగిలాయి. చుట్టాలు ఇప్పుడే లేచి వెళ్లారు. గదిలో మనుషులు లేరు. అయినా వాళ్ల అలికిడి ఇంకా వినబడుతున్నట్టే ఉంటుంది. ఎనభై ఏళ్ల చెయ్యి వేసిన బొమ్మ అది. ఎక్కడా వణుకు లేదు.

1789 జూన్ 12న లియోతార్ జెనీవాలో కన్నుమూశాడు. నెలా రెండు రోజులకు పారిస్‌లో బాస్టిల్ కోట కూలింది. ఆయన ఎదుట కూర్చున్న రాజులు, రాణులు, దొరలు ఏలిన ఆ లోకం తలకిందులైంది.

మనుషులంతా సమానమని ఆ ఫ్రెంచి విప్లవం వీధుల్లో చాటింది. రాజకీయం మాట్లాడినట్టు కనబడని ఈ జెనీవా చిత్రకారుడు అంతకు నలభై ఐదేళ్ల ముందే చాక్లెట్ తెచ్చే పనిపిల్లకు నిలువెత్తు బొమ్మ వేశాడు. మహారాణి పట్టుబట్ట మీద పెట్టిన శ్రద్ధంతా ఆమె ఏప్రన్ మడత మీదా పెట్టాడు. పద్దెనిమిదో శతాబ్దపు చిత్రకారుల్లో ఆయనకంటే ఘనమైన ఊహ ఉన్నవాళ్లు, ఆయనకంటే విసురుగా కుంచె తిప్పినవాళ్లు చాలామంది ఉన్నారు. ఆయనకంటే నిజాయితీగా చూసినవాడు మాత్రం నాకు కనబడలేదు.

వచ్చే సంచికలో నేటి స్విట్జర్లాండ్ గడ్డ మీద పుట్టిన మరో బిడ్డ. 1741లో కూర్ పట్టణంలో పుట్టి, 1768లో లండన్ రాయల్ అకాడమీ వ్యవస్థాపక సభ్యురాలైన అంజెలికా కౌఫ్‌మన్ కథ.